దేనితో పోల్చి చూశారు?

సభకు నమస్కారం.

ఈ గంటలో నాలుగు పరిశోధనల గురించి మాట్లాడుకుందాం. కొరియాలో తయారైన ఒక నల్లరాయి, జార్ఖండ్ పల్లెల్లో ఇంటింటికీ పంచిన బియ్యం పప్పు, స్వీడన్‌లో రొమ్ము ఎక్స్‌రేలు చదివిన కంప్యూటర్, ఆరు నెలలకోసారి పొట్ట మీద వేసే సూదిమందు. ఒకదానికొకటి సంబంధం లేదనిపిస్తుంది. నాలుగింటినీ నేను ఒకే ప్రశ్న పట్టుకుని చదివాను: దేనితో పోల్చి చూశారు?

పేపర్లో "39 శాతం తగ్గింది" అని చదువుతాం. దేనికన్నా తగ్గింది? "వంద శాతం పనిచేసింది" అంటారు. ఏం చేయకుండా వదిలేసినవాళ్లకన్నానా, పాత మందు వాడినవాళ్లకన్నానా? శీర్షికలో అంకె ఉంటుంది గానీ, ఆ అంకెను దేని పక్కన పెట్టి కొలిచారో వార్త ఆఖరి పేరాలో ఉంటుంది. ఒక్కోసారి అక్కడా ఉండదు. అసలు పరిశోధన పత్రం తెరిస్తే మటుకు మొదటి పేజీలోనే దొరుకుతుంది.

రాయి సంగతి త్వరగా ముగించేస్తాను. 2023 జులైలో దక్షిణ కొరియా బృందం ఒకటి ఎల్‌కే-99 అనే పదార్థాన్ని ప్రకటించింది. మామూలు పీడనంలో, గది వేడిలోనే కాదు, 127 డిగ్రీల దాకా కూడా అది సూపర్‌కండక్టర్ అని, అంటే కరెంటుకు అడ్డే చెప్పదని వాళ్ల మాట. తయారీ విధానం వంటకంలా సులువుగా ఉంది. లెడ్ ఆక్సైడ్, లెడ్ సల్ఫేట్ పొడులు కలిపి 725 డిగ్రీల దగ్గర ఒక రోజు కాల్చాలి. రాగినీ భాస్వరాన్నీ గాలి తీసేసిన గొట్టంలో మూసి 550 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచాలి. ఈ రెంటినీ నూరి కలిపి, మళ్లీ గాలి లేని గొట్టంలో 925 డిగ్రీల దగ్గర 5 నుంచి 20 గంటలు కాల్చాలి. కొలిమి ఉన్న ప్రతి ప్రయోగశాలా వారంలో చేసి చూడగలిగింది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కూడా తొలి రోజుల్లోనే చేసి చూసి, ఇందులో సూపర్‌కండక్టివిటీ కనిపించలేదని చెప్పింది.

మరి 105 డిగ్రీల దగ్గర విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోయినట్టు వాళ్ల గ్రాఫులో ఉంది కదా? ఆ అంకెను గుర్తుపట్టిన రసాయన శాస్త్రవేత్త ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ప్రశాంత్ జైన్. పైన చెప్పిన వంటకంలో సల్ఫేట్ ఉందని గమనించారా? మూసేసిన గొట్టంలో ఆ గంధకానికి వేరే దారి లేదు. రాగితో కలిసి కాపర్ సల్ఫైడ్ అవుతుంది. కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల దగ్గర తన స్ఫటిక రూపం మార్చుకుంటుంది. అప్పుడు దాని నిరోధం వేల రెట్లు మారుతుంది. ఇది కొత్త విషయం కాదు, పాత పుస్తకాల్లో ఉన్నదే. బీజింగ్‌లో ఒక బృందం కాపర్ సల్ఫైడ్‌ను విడిగా తీసుకుని కొలిస్తే అదే మెట్టు కనిపించింది. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు గంధకం కల్తీ లేకుండా శుద్ధమైన స్ఫటికం పెంచారు. అది ఊదారంగులో, పారదర్శకంగా ఉంది. అడ్డు లేకుండా కరెంటు ప్రవహించడం మాట అటుంచి, నిరోధం మిలియన్ల ఓమ్‌లలో ఉంది.

మొదటి బృందం చేయాల్సిన పని ఒక్కటే మిగిలిపోయింది. తమ ముక్కను, అందులో కలిసే మురికితో విడిగా పోల్చి చూసి ఉంటే ఆ గ్రాఫు బయటికి వచ్చేదే కాదు.

ఇక జార్ఖండ్. ఇక్కడ కాసేపు ఆగుదాం.

క్షయ, అంటే టీబీ, తిండి తక్కువైన ఒంటిని వెతుక్కుని వస్తుందని డాక్టర్లకు వందేళ్లుగా తెలుసు. తిండి పెడితే టీబీ ఎంత తగ్గుతుందో పెద్ద ఎత్తున పోల్చి కొలవడం మాత్రం జరగలేదు. మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థవాళ్లతో కలిసి ఆ పని చేశారు. అధ్యయనం పేరు రేషన్స్. 2019 ఆగస్టులో మొదలై, ఫలితాలు 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి.

నాలుగు జిల్లాలు, 28 టీబీ యూనిట్లు (ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో స్థానిక విభాగాలు), 2,800 మంది ఊపిరితిత్తుల టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది. రోగులందరికీ నెలకు 10 కిలోల ఆహారం ఇచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు. ఇందులో పోలిక లేదు, ఎందుకంటే చిక్కి శల్యమైన రోగుల్లో సగంమందికి పెట్టి సగంమందికి పెట్టకపోవడం తప్పు. పోలిక ఉన్నది ఇంట్లో మిగతావాళ్ల విషయంలో. లాటరీలో సగం యూనిట్లు ఒక వైపు, సగం మరో వైపు వెళ్లాయి. ఒక వైపు ఇళ్లలో ఒక్కో పెద్దవాళ్లకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఆరు నెలల పాటు ఇచ్చారు. పిల్లలకు అందులో సగం. మరో వైపు ఇళ్లవాళ్లకు విడిగా ఏమీ ఇవ్వలేదు.

లాటరీ ఇంటికి కాకుండా యూనిట్‌కు ఎందుకు వేశారు? ఒక ఇంటికి బియ్యం మూట ఇచ్చి పక్కింటికి ఇవ్వకపోతే ఊళ్లో ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. మూట సాయంత్రానికల్లా రెండిళ్లకూ పంచుకుపోతుంది. పోలిక అక్కడే చెడిపోతుంది.

ఆ మూటలో ఎంత బలముందో చేత్తో లెక్కేద్దాం. నెలకు 5 కిలోలంటే రోజుకు 167 గ్రాముల బియ్యం. వంద గ్రాములకు సుమారు 350 కేలరీలు, కాబట్టి 580 పైచిలుకు. కిలోన్నర పప్పు రోజుకు 50 గ్రాములు, 170 కేలరీలు. మొత్తం 750. ప్రోటీన్ 23 గ్రాములు, అందులో దాదాపు సగం ఆ పిడికెడు పప్పు నుంచే. పూర్తి భోజనం కాదు. ఇంట్లో ఉన్న తిండికి తోడు ఇంకో పూట.

ఫలితం: మూట అందని వైపు 4,724 మందిలో 122 మందికి టీబీ వచ్చింది. అందిన వైపు 5,621 మందిలో 96 మందికి. వందకు 2.6 నుంచి 1.7కు దిగింది. వయసు వంటి తేడాలు సరిచేసి లెక్కిస్తే 39 శాతం తగ్గుదల. పరీక్షలో క్రిమి కనిపించి నిర్ధారణ అయిన టీబీ మటుకు చూస్తే 48 శాతం.

ఇప్పుడు మన ప్రశ్న. 39 శాతం వినడానికి బాగుంది. తేడా మాత్రం వందకు ఒకరు కూడా నిండలేదు. 111 మందికి ఆరు నెలలు ఇస్తే ఒక టీబీ తప్పుతుంది. అందరూ పెద్దవాళ్లే అనుకుంటే ఆ 111 మందికి అయ్యేది 3,330 కిలోల బియ్యం, వెయ్యి కిలోల పప్పు. నాలుగు టన్నులకు ఒక కేసు! ఇది ఖరీదా, చవకా? నా మటుకు చవకే. ఆ నాలుగు టన్నులు 111 మంది కడుపులోకే పోతాయి, టీబీ రానివాళ్లకు కూడా అన్నం అన్నమే. ఏ నివారణ మాత్రకూ ఆ గుణం లేదు.

ఇంకో సంగతి ఉంది, అది వార్తల్లో నాకు కనిపించలేదు. మూట అందని వైపు కూడా రోగికి 10 కిలోలు అందుతున్నాయి. ఆకలిగా ఉన్న పిల్లలు పక్కన కూర్చుని చూస్తుంటే ఏ తల్లీ పాలపొడి ఒక్కతే తాగదు. కొంత పంచుకునే ఉంటారు. పైగా కోవిడ్ కాలంలో ప్రభుత్వం ఇచ్చిన ఉచిత బియ్యం రెండు వైపులకూ చేరింది. అంటే "ఏమీ ఇవ్వని" వైపు నిజంగా ఏమీ లేని వైపు కాదు. అసలు ప్రభావం 39 కంటే ఎక్కువే ఉండొచ్చు.

రోగుల్లో కూడా ఒకటి తేలింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువ. 40 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు. ఆశా కార్యకర్త చేతిలో బరువు తూచే యంత్రం ఉంటే చాలు, ఎవరి విషయంలో కంగారుపడాలో రెండు నెలలకే తెలుస్తుంది. ఇక్కడ మాత్రం జాగ్రత్త: ఇది లాటరీ పోలిక కాదు. బరువు పెరిగినందుకు బతికారా, బతికే ఒళ్లు కాబట్టి బరువు పెరిగిందా అన్నది ఈ లెక్క విడదీయదు.

మన దగ్గర నిక్షయ్ పోషణ్ పథకం కింద టీబీ రోగి ఖాతాలో 2018 నుంచి నెలకు 500 రూపాయలు పడేవి. 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. మంచిదే. అయితే జార్ఖండ్‌లో పరీక్షించింది డబ్బు కాదు, గడప దాకా తెచ్చిచ్చిన బియ్యం, పప్పు. వెయ్యి రూపాయలు ఖాతాలో పడ్డప్పుడు అందులో ఎంత పప్పు అవుతుంది, ఎంత బాకీ తీర్చడానికి పోతుంది అన్నది ఆ అధ్యయనం చూడలేదు. రెంటినీ ఒకటే అనుకుని 39 శాతం అంకెను డబ్బు పథకానికి అతికించేవాళ్లు ఇప్పటికే కనిపిస్తున్నారు.

స్వీడన్ సంగతికి వద్దాం. ఇది చిన్నది, కానీ మన ఆసుపత్రుల్లో యంత్రాలు అమ్మేవాళ్లు ఎక్కువగా ఎత్తే అంకె ఇదే. 2021 ఏప్రిల్ నుంచి 2022 డిసెంబరు దాకా 1,05,934 మంది మహిళల మామోగ్రామ్‌లను, అంటే రొమ్ము ఎక్స్‌రేలను, రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో అక్కడి మామూలు పద్ధతి: ప్రతి ఫిల్మునూ ఇద్దరు రేడియాలజిస్టులు విడివిడిగా చదువుతారు. రెండో భాగంలో ముందు కృత్రిమ మేధ ప్రోగ్రామ్ ఒకటి నుంచి పది దాకా మార్కు వేస్తుంది. పది పడితే ఇద్దరు డాక్టర్లు, తొమ్మిది గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే ఒక్కరే చూస్తారు. మామూలు పద్ధతిలో 262 కాన్సర్లు దొరికాయి, కొత్త పద్ధతిలో 338. వెయ్యికి 5.0, 6.4. డాక్టర్లు ఫిల్ము చదివే పని 44 శాతం తగ్గింది. అనవసరంగా కంగారుపెట్టి వెనక్కి పిలిపించడం చెప్పుకోదగ్గంత పెరగలేదు.

గట్టి ఫలితం. అయితే పోల్చింది ఇద్దరు నిపుణుల చదువుతో. ప్రతి మామోగ్రామ్‌నూ ఇద్దరు చదివే ఏర్పాటు మన జిల్లా ఆసుపత్రుల్లో ఎక్కడుంది? ఒక్కరే చదివే చోట 44 శాతం పని తగ్గించాలంటే దేన్ని తగ్గిస్తారు? ఆ అధ్యయనంలో డాక్టరు అసలు చూడని ఫిల్ము ఒక్కటీ లేదు, అది మరవద్దు. పైగా అక్కడ ఏ లక్షణాలూ లేని ఆడవాళ్లను ఏడాదిన్నర, రెండేళ్లకోసారి పిలిచి తీస్తారు. మన దగ్గర దేశమంతటా అలాంటి మామోగ్రామ్ కార్యక్రమం లేదు. గడ్డ చేతికి తగిలాక వచ్చేవాళ్లే ఎక్కువ. వెయ్యికి 6.4 అన్న అంకె ఇక్కడికి నేరుగా రాదు.

ఇప్పుడు సూదిమందు. మిగిలిన సమయమంతా దీనికే.

లెనకాపవిర్ హెచ్ఐవీ మందు. ఆ వైరస్ తన జన్యుపదార్థాన్ని శంకువు ఆకారంలో ఉండే ఒక డొల్లలో దాచుకుంటుంది. పేరు క్యాప్సిడ్. ఒకే రకం ప్రోటీన్ దాదాపు 1,500 ముక్కలు ఆరేసి, అయిదేసి జట్లుగా పేర్చుకుంటే ఆ శంకువు తయారవుతుంది. వైరస్ కణంలోకి వెళ్లాక ఈ డొల్ల కేంద్రకం దాకా చెక్కుచెదరకుండా పోవాలి, అక్కడ సరైన వేళకు విచ్చుకోవాలి. కొత్త వైరస్‌లు పుట్టేటప్పుడు మళ్లీ సరిగ్గా పేర్చుకోవాలి. లెనకాపవిర్ ఆ ముక్కల మధ్య సందులో దూరి బిగుసుకుంటుంది. డొల్ల అవసరానికి మించి గట్టిపడుతుంది, లేదా వంకరగా పేర్చుకుంటుంది. ఒక్క మందు, వైరస్ బతుకులో ఒకటికి మించిన చోట్ల దెబ్బ.

రెండో గుణం: ఇది నీళ్లలో దాదాపు కరగదు. మాత్ర చేయాలనుకునేవాళ్లకు అది తలనొప్పి. ఇక్కడ మాత్రం అదే వరం. చర్మం కింద కొవ్వులో పెడితే ఒక ముద్దలా నిలిచిపోయి నెలల తరబడి కొద్దికొద్దిగా నెత్తురులోకి ఊరుతుంది.

2022లో ఇది అమెరికా, ఐరోపాల్లో చాలా మందులకు లొంగని హెచ్ఐవీ ఉన్న రోగులకు అనుమతి పొందింది. జబ్బు లేనివాళ్లకు రాకుండా ఆపుతుందా అని చూసిన పరీక్ష పేరు పర్పస్-1. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16 నుంచి 25 ఏళ్ల అమ్మాయిలు 5,338 మంది. ఫలితాలు 2024 జులైలో మ్యూనిక్ ఎయిడ్స్ సదస్సులో, అదే వారం న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. లెనకాపవిర్ తీసుకున్న 2,134 మందిలో కొత్తగా హెచ్ఐవీ సోకింది సున్నా.

దేనితో పోల్చి? ఇక్కడే ఈ పరీక్ష రూపకర్తల తెలివి కనిపిస్తుంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటే హెచ్ఐవీ రాకుండా ఆపొచ్చని అమెరికాలో 2012 నుంచి అనుమతి ఉన్న ట్రువాడా మాత్ర ఉంది. ఉన్న మందు ఇవ్వకుండా వట్టి ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు, ఇచ్చి ఎంతమందికి సోకుతుందో చూద్దామంటే అది నేరం. కాబట్టి ఏ మందూ లేని గుంపు లేదు. 1,068 మందికి ట్రువాడా, 2,136 మందికి డెస్కోవీ అనే చిన్న మాత్ర. ఎవరికేది పడిందో తెలియకూడదు కనుక అందరికీ సూదీ వేశారు, అందరికీ మాత్రలూ ఇచ్చారు. లెనకాపవిర్ వాళ్లకు మాత్ర ఉత్తుత్తిది, మాత్రల వాళ్లకు సూది ఉత్తుత్తిది.

మరి ఏ మందూ లేకపోతే ఎంతమందికి సోకేదో ఎలా తెలిసింది? పరీక్షలో చేర్చుకోవడానికి ముందు 8,094 మంది నెత్తురు చూశారు. 504 మందికి అప్పటికే హెచ్ఐవీ ఉంది. యాంటీబాడీలు ఎంత ముదిరాయో చూసి సోకడం పాతదా, ఈ మధ్యదా చెప్పే పరీక్ష ఉంది. దాంతో లెక్కగడితే ఆ ప్రాంతాల్లో ఏ రక్షణా లేని వందమందికి ఏడాదిలో 2.41 మందికి సోకుతోందని తేలింది. ఆ లెక్కన లెనకాపవిర్ గుంపులో నలభై మందికి పైగా సోకి ఉండాలి. ఒక్కరికీ సోకలేదు.

మాత్రల సంగతి చూడండి. ట్రువాడా గుంపులో 16 మందికి సోకింది, వందకు 1.69. డెస్కోవీ గుంపులో 39 మందికి, వందకు 2.02. మాత్ర పనికిరాదని దీనర్థమా? కాదు. ఎండబెట్టిన నెత్తుటి చుక్కల్లో మందు ఆనవాళ్లు కొలిస్తే, ఏడాది గడిచేసరికి చాలామంది మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదని బయటపడింది. డబ్బాలో ఉన్న మాత్ర వైరస్‌ను ఆపదు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి హెచ్ఐవీ మాత్రల డబ్బా ఇంట్లో ఎక్కడ దాచుకోవాలి? అమ్మ చూస్తే ఏమంటుంది, అబ్బాయి చూస్తే ఏమనుకుంటాడు? ఆరు నెలలకోసారి వేసే సూదికి దాచుకునే డబ్బా లేదు. ఏడాది తర్వాత కూడా సూదికి వేళకు వచ్చినవాళ్లు పదిమందిలో తొమ్మిదిమందికి పైనే.

అంటే ఇది ఒక అణువుకూ మరో అణువుకూ పోటీ కాదు. అలవాటుకూ, అలవాటు అక్కర్లేని పద్ధతికీ పోటీ. మాత్రలు క్రమం తప్పకుండా మింగేవాళ్లకు ఈ తేడా ఇంత ఉండదు.

సున్నా గురించి కూడా ఒక మాట. గణాంకాల్లో సున్నా అంటే కచ్చితమైన సున్నా కాదు. ఇంతమందిని ఇంతకాలం చూశాక ఎవరికీ సోకకపోతే, నిజమైన రేటు ఏడాదికి వందకు 0.19 దాకా ఉండొచ్చు అని పరిశోధకులే రాశారు. పర్పస్-2లో అది కనిపించింది కూడా. ఏడు దేశాల్లో ఎక్కువగా మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పాల్గొన్న ఆ పరీక్షలో లెనకాపవిర్ గుంపు 2,179 మందిలో ఇద్దరికి సోకింది. ట్రువాడా గుంపు 1,086 మందిలో తొమ్మిదిమందికి. ఆ ఇద్దరిలోనూ వైరస్ క్యాప్సిడ్‌లో ఎన్74డీ అనే మార్పు వచ్చింది. లెనకాపవిర్ దూరే సందు దగ్గరే ఆ మార్పు.

వేసే విధానం తెలుసుకుందాం, తప్పు జరిగేదీ అక్కడే. మందు పసుపు రంగు ద్రవం. ఒక్కో సీసాలో 463.5 మిల్లీగ్రాములు, ఒకటిన్నర మిల్లీలీటరు. ఒక విడతకు రెండు సూదులు, మొత్తం 927 మిల్లీగ్రాములు. పొట్ట మీద, బొడ్డుకు కనీసం రెండంగుళాల ఎడంగా, రెండూ రెండు వేరే చోట్ల. తొడ మీదా వేయొచ్చు. సూది నేరుగా, నిలువుగా దిగి కొవ్వులోకి పోవాలి. వాలుగా, పైపైన పెడితే మందు చర్మం మందంలోనే చిక్కుకుపోతుంది. అలా జరిగినవాళ్లలో చర్మం కుళ్లి పుండ్లు పడ్డాయని మందు తయారీదారు హెచ్చరికలోనే ఉంది. నర్సుకు శిక్షణ ఇచ్చేటప్పుడు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే.

ముద్ద ఊరడానికి టైం పడుతుంది కనుక మొదటి రోజు సూదితో పాటు 300 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, మరునాడు ఇంకో రెండు. రెండో రోజు మాత్రలు ఇంట్లో వేసుకోవాలి, మరిచిపోయేదీ అవే. అవి లేకపోతే తొలి రోజుల్లో నెత్తురులో మందు చాలదు, సూది వేయించుకున్నాం కదా అన్న ధీమా మటుకు ఉంటుంది.

సూది వేసిన చోట చర్మం కింద చిన్న గడ్డ చేతికి తగలడం మామూలు. పర్పస్-1లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి తగిలింది. అది మందు ముద్దే. పిసకకూడదు. సూది వేసిన చోట వచ్చిన ఇబ్బందుల వల్ల మానేసినవాళ్లు నలుగురే. ముందే చెబితే భయం ఉండదు, చెప్పకపోతే గడ్డ కోయించుకోవడానికి ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు.

తర్వాతి సూది 26 వారాలకు. రెండు వారాలు అటూ ఇటూ పర్వాలేదు. 28 వారాలు దాటితే మళ్లీ మొదటినుంచి, మాత్రలతో సహా. ప్రతిసారీ సూదికి ముందు హెచ్ఐవీ లేదని పరీక్షలో తేలాలి. ఎందుకింత పట్టుదల? ఈ మందుకు పొడవాటి తోక ఉంది. ఆపేసినా ఏడాది, అంతకన్నా ఎక్కువ కాలం నెత్తురులో కొద్దికొద్దిగా మిగులుతుంది. వైరస్‌ను ఆపడానికి చాలదు, దానికి ఎదురు తిరగడం నేర్పడానికి చాలు. సోకిన సంగతి తెలియక సూది వేస్తే, లేదా మానేశాక వేరే రక్షణ లేకుండా తిరిగితే, ఎన్74డీ లాంటి మార్పులు పుట్టేది ఆ కాలంలోనే.

ఇందాక చెప్పుకున్న టీబీ ఇక్కడ మళ్లీ వస్తుంది. టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్, కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైమును రెచ్చగొడుతుంది. లెనకాపవిర్ కూడా ఆ ఎంజైము చేతిలోనే పోతుంది. ముద్ద నుంచి ఊరిన మందు నెత్తురులో నిలవకుండా త్వరగా పోతుంది, మోతాదు చాలదు. అలాంటప్పుడు అదనపు డోసులు వేయాలి. టీబీ ఎక్కువున్న మన దేశంలో, సూది వేసే నర్సు "దగ్గు ఉందా, టీబీ మందులు మొదలుపెట్టారా" అని ప్రతిసారీ అడగాల్సిందే. టీబీ కేంద్రంలో డాక్టరు కూడా "పొట్ట మీద సూది ఏమైనా వేయించుకుంటున్నారా" అని అడగాలి. ఇద్దరిలో ఎవరు మరిచినా లెక్క తప్పుతుంది.

ధర. 2025 జూన్‌లో అమెరికాలో నివారణకు అనుమతి వచ్చినప్పుడు ఏడాదికి 28,218 డాలర్లని ధర వేశారు. నెల తిరగకుండానే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వాడమని సిఫార్సు చేసింది. అప్పటికే, 2024 అక్టోబరులో, ఈ మందు యజమాని అయిన గిలియడ్ కంపెనీ 120 దేశాల కోసం ఆరు కంపెనీలకు తయారీ హక్కు ఇచ్చి ఉంది. అందులో మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ఆ రెండూ వేరువేరు దాతృత్వ సంస్థలతో కలిసి, 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని ప్రకటించాయి. మన డబ్బుల్లో దాదాపు మూడున్నర వేలు. అమెరికా ధరలో ఏడు వందల్లో ఒక వంతు. ఆ 120 దేశాల్లో బ్రెజిల్ లేదు, మెక్సికో, పెరూ, అర్జెంటీనా లేవు. పర్పస్-2లో తమ నెత్తురిచ్చిన మనుషులున్న దేశాలవి. ఇది నాకు మింగుడుపడని సంగతి.

హెచ్ఐవీలో జాతీయ సగటు నూటికి 0.2 అయితే ఆంధ్రప్రదేశ్‌లో 0.6కు పైన, తెలంగాణలో 0.4కు పైన. మందు హైదరాబాద్‌లో తయారవుతుంది కనుక మనకు అందుతుందని అనుకోవద్దు. ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ వేయాలి, 26వ వారంలో ఫోన్ చేసి పిలిచేదెవరు అన్నవి ఫ్యాక్టరీలో తేలవు.

ఇప్పుడు ఏడాదికొకసారి వేసే రకం పరీక్షలో ఉంది. 5,000 మిల్లీగ్రాములు, ఈసారి పిర్ర కండలోకి. 2025 మార్చిలో లాన్సెట్‌లో వచ్చిన తొలి దశ పత్రంలో ఉన్నది 40 మంది. 52వ వారంలో వాళ్ల నెత్తురులో మందు మోతాదు, ఆరు నెలల సూదిలో 26వ వారానికి మిగిలేదానికన్నా రెట్టింపు పైనే ఉంది. వార్తల్లో "ఏడాదికి ఒక్క సూదితో హెచ్ఐవీకి చెక్" అని వచ్చింది. ఆ 40 మందీ హెచ్ఐవీ ముప్పు తక్కువున్నవాళ్లు. ఎవరికి సోకింది, ఎవరికి సోకలేదు అని అందులో లెక్కించనే లేదు. పోల్చింది ఒక నెత్తురు గొట్టంలో ఉన్న నానోగ్రాములను ఇంకో నెత్తురు గొట్టంలో ఉన్న నానోగ్రాములతో. తర్వాతి దశ పరీక్ష నడుస్తోంది.